కొండదారిలో సైకిలు: ఎక్కు నేర్పు, దిగు నేర్పు



మన కామాఠీపుర చదునైన నేల. పదునెనిమిదవ శతాబ్ది తుదిభాగమున సముద్రపు పోటును అడ్డుకట్టతో ఆపిన పిమ్మట ఆరిన పల్లపు నేలపై ఈ వాడ వెలసినది. కట్టడపు పనులకై తెలుగుదేశమునుండి వచ్చిన కామాఠీల పేరే దీనికి నిలిచినది. ఈ వీథులలో సైకిలు నేర్చిన బాలునకు వాలు అనునది తెలియదు. పెడలు త్రొక్కిన సైకిలు నడచును. మానిన కొంత దూరము పోయి తానే ఆగును. బ్రేకు అరిగియున్నను కాలు నేలకు ఆనించి ఆపవచ్చును. కాని పడమటి దిక్కున కంబాలా కొండ, మలబారు కొండ మన వాడకు చేరువనే కలవు. ఉత్తరమున బోరివలి అడవిలో కాన్హేరీ గుహలకు పోవు ఏటవాలు దారి కలదు. అచ్చటికి చేరగనే, మనకు బాగుగా తెలిసినదనుకొన్న సైకిలు క్రొత్తదగును.

ఈ పాఠమునకు ఒక కారణము కలదు. వర్షములకు ముందు మా విద్యార్థి యొకడు, స్నేహితునినుండి అడిగి తెచ్చుకొన్న సైకిలుపై అట్టి దారిని దిగుచు పడి చేయి విరుగగొట్టుకొనెను. ఎముక అతికినది. కాని ఆ వీథిలోని తల్లిదండ్రులు పలువురు, ఇకమీదట తమ పిల్లలను సైకిలు ముట్టనీయమని మాతో చెప్పిరి. ఆడపిల్లల విషయమున ఆ మాట మరింత గట్టిగా చెప్పిరి. వారి భయము న్యాయమైనదే. అయినను నిషేధముకంటె విద్య మేలని మా అభిప్రాయము. కొండదారిలో సైకిలు నడుపుట కేవలము ధైర్యముతో అగు పని కాదు. అది లెక్క తెలిసి చేయవలసిన పని. ఎక్కుటకు ఓర్పు కావలెను. దిగుటకు నిగ్రహము కావలెను. ధైర్యము ఈ రెండింటి తరువాతనే వచ్చును. ఈ మాటను గణితముతోను, చరిత్రతోను ఇచ్చట వివరింతుము.

వాలు అనగా నేమి?

మన భాషలో ‘ఎగుడుదిగుడు’ అను జంటపదము కలదు. ఎగుడు ఉన్నచోట దిగుడు ఉండక తప్పదని ఆ పదమే మనకు చెప్పుచున్నది. అట్లే కొండల నడుమ దాటుటకు వీలైన చోటును తెలుగులో ‘కనుమ’ యందురు. మరాఠీవారు దానినే ‘ఘాట్’ అందురు. పడమటి కనుమలన్నను సహ్యాద్రి ఘాట్లన్నను ఒక్కటే.

వాలును కొలుచు పద్ధతి సులభమైనది. 10 అడుగులు ముందునకు సాగునప్పుడు 1 అడుగు పైకి లేచిన, ఆ వాలును ‘10కి 1’ అందుము. నూటికి 10 అనియు అందుము. ముంబయినుండి పుణె పోవు రైలుదారి బోర్ ఘాట్‌లో ఎక్కు వాలు 37కి 1. కంటికి అది చదునుగానే తోచును. కాని రైలు ఇంజనులకు అది మిక్కిలి కష్టమైన ఎక్కుడు. సైకిలువానికి 37కి 1 సులభము, 20కి 1 చెమట పట్టించును, 10కి 1 ఊపిరి తీయనీయదు. 

కొండదారులు పామువలె మెలికలు తిరుగుట యెందులకు? ఎత్తు మారదు కనుక, దారిని పొడిగించి వాలును తగ్గించుటకే. తిరుమలకు అలిపిరినుండి మెట్లదారియు, వాహనముల దారియు కలవు. రెండును చేరునది ఒకే కొండపైకి. అయినను వాహనముల దారి మెట్లదారికి దాదాపు రెండింతల పొడవు. మొదటి ఘాటు రోడ్డు 1944లో తెరువబడినది. రెండవది 1974లో వచ్చినది. నేడు మొదటిదానిని దిగుటకును, రెండవదానిని ఎక్కుటకును ఉపయోగించుచున్నారు. ఎక్కువానిని, దిగువానిని వేరుచేయుటలోనే ఆ రెండును వేరు వేరు పనులని తెలియుచున్నది.

ఎక్కుట

ఒక బరువును పైకి చేర్చుటకు చేయవలసిన పని, ఆ బరువుపైనను ఎత్తుపైనను ఆధారపడి యుండును. సైకిలు, మనిషి కలిసి 75 కిలోలనుకొందము. 10 మీటర్ల ఎత్తునకు, అనగా ఇంచుమించు మన మూడంతస్తుల చాల్ కప్పువరకు ఎక్కుటకు 75 × 9.8 × 10 = 7,350 జౌళ్ళ పని కావలెను. ఏ దారిన ఎక్కినను, ఏ సైకిలుతో ఎక్కినను ఈ లెక్క తగ్గదు. మరి గేర్లు చేయు సహాయమేమి?

దీనిని చాల్ మెట్లతో పోల్చి చూడుడు. మామూలు సైకిలునకు పెడలువద్ద 44 పండ్ల చక్రము, వెనుక 18 పండ్ల చక్రము ఉన్నవనుకొందము. పెడలు ఒక చుట్టు తిరిగిన వెనుక చక్రము 44ను 18చే భాగించినన్ని, అనగా సుమారు 2.4 చుట్లు తిరుగును. చక్రపు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కావున ఒక పెడలు చుట్టుకు సైకిలు 5.4 మీటర్లు ముందునకు సాగును. 10కి 1 వాలుపై అది 54 సెంటీమీటర్ల ఎత్తు. చాల్ మెట్టు ఒకటి సుమారు 18 సెంటీమీటర్లు. అనగా ప్రతి పెడలు చుట్టుకు మూడేసి మెట్లు ఎక్కినంత పని యగుచున్నది.

కొండలకై చేసిన గేరు సైకిలునందు ముందు 32 పండ్లు, వెనుక 32 పండ్లు ఉండునట్లు గేరు మార్చుకొనవచ్చును. అప్పుడు పెడలు ఒక చుట్టుకు చక్రము ఒక్క చుట్టే తిరుగును, చుట్టుకొలత 2.1 మీటర్లయినచో 21 సెంటీమీటర్ల ఎత్తు లేచును. అనగా చుట్టునకు ఒక మెట్టుకంటె కొంచెమే యెక్కువ. నీళ్ళ బిందె మోయుచు మూడేసి మెట్లు దాటుచు పోవువాడు రెండవ అంతస్తులోనే కూలబడును. ఒక్కొక్క మెట్టే ఎక్కు మీ అవ్వ, తడబడక పై అంతస్తు చేరును. గేరు పనిని తగ్గించదు. పనిని చిన్న చిన్న పాళ్ళుగా పంచి యిచ్చును. ఓర్పు అనగా ఇదియే.

ఎక్కునప్పుడు పాటింపవలసిన నియమములు కొన్ని కలవు. వాలు మొదలు కాకముందే తేలిక గేరులోనికి మారవలెను. బలముగా త్రొక్కుచు గేరు మార్చిన చైను తెగుటయో, జారుటయో జరుగును. గులకరాళ్ళ దారిలో సీటునుండి లేచి నిలువరాదు. లేచిన వెనుక చక్రముపై బరువు తగ్గి అది తిరిగిన చోటనే తిరుగును. సీటు వెనుకకు జరిగి కూర్చున్నచో ముందు చక్రము గాలిలోనికి లేచును. కావున సీటు ముందుభాగమున కూర్చుండి, మోచేతులు వంచి, రొమ్మును హ్యాండిలువైపు దించవలెను. త్రొక్కుడు ఒకే తీరున సాగవలెను. చూపు చక్రముముందు రాతిపై గాక, పది పదునైదు అడుగుల ముందున్న దారిపై ఉండవలెను.

దిగి నడచుట అవమానమా?

కాదు. 1910లో ఫ్రాన్సుదేశపు ప్రసిద్ధమైన సైకిలు పందెము, టూర్ ద ఫ్రాన్స్, మొదటిసారిగా పిరనీసు పర్వతములలోని ఎత్తైన కనుమల మీదుగా సాగినది. తూర్మాలే అను కనుమవద్ద ఒక్తావ్ లపీజ్ అను పోటీదారు కొంత దూరము సైకిలు దిగి నడచెను. గుస్తావ్ గారిగు అనువాడు ఒక్కసారియైన కాలు నేల మోపక ఆ కనుమ నెక్కి బహుమతి పొందెను. కాని ఆ సంవత్సరపు పందెమును గెలిచినది, దిగి నడచిన లపీజే. ఎక్కడ శక్తి దాచుకొనవలెనో అతనికి తెలిసియుండెను.

ఆ పందెములోనే మరియొక విశేషము. చైనును ఒక పండ్ల చక్రమునుండి మరియొకదానికి మార్చు గేరు పరికరమును ఆ పందెమందు 1937 వరకు అనుమతింపలేదు. సదుపాయము వాడుకొనువాడు బలహీనుడను భావము ఆనాడును ఉండెను. నేడును మన వీథిచివర బాలురలో ఉన్నది. కొండకు ఆ అభిమానముతో పనిలేదు.

అంతకు పూర్వము 1897లో, అమెరికా సైన్యమునకు చెందిన 25వ కాల్బలములోని ఇరువది మంది నల్లజాతి సైనికులు, ఫోర్ట్ మిజూలానుండి సెయింట్ లూయిస్ వరకు సుమారు 1,900 మైళ్ళు సైకిళ్ళపై ప్రయాణము చేసిరి. వారి సైకిళ్ళకు గేర్లు లేవు. దారిలో కొండలు, బురద, ఇసుక. త్రొక్కదగిన చోట త్రొక్కిరి; కానిచోట నెట్టిరి; గమ్యము చేరిరి.

దిగుట

ఇప్పుడు కష్టమైన భాగమునకు వచ్చితిమి. చూచువారికి ఎక్కుట కష్టముగను, దిగుట సుఖముగను కనబడును. నిజమునకు ఎక్కునప్పుడు తప్పు చేసినవాడు ఆగిపోవును, అంతే. దిగునప్పుడు తప్పు చేసినవాడు ఆగలేకపోవును.

ఎక్కునప్పుడు మనము చేసిన పని యెచ్చటికిని పోలేదు. అది మనలోను, సైకిలులోను ఎత్తు రూపమున నిలువయున్నది. దిగునప్పుడు ఆ నిలువ అంతయు వేగముగా మారును. 10 మీటర్ల ఎత్తునుండి గాలి అడ్డు, టైర్ల రాపిడి లేక దిగిన వచ్చు వేగమును లెక్కింపుడు. 2 × 9.8 × 10 = 196. దాని వర్గమూలము 14. అనగా సెకనుకు 14 మీటర్లు, గంటకు సుమారు 50 కిలోమీటర్లు. ఒక్క చాల్ ఎత్తు దిగినంత మాత్రమున ఇంత వేగము! గాలియు రాపిడియు కొంత తగ్గించును. అయినను మిగిలినదానిని తగ్గించు బాధ్యత బ్రేకుదే.

బ్రేకు ఆ శక్తిని మాయము చేయజాలదు. దానిని వేడిగా మార్చును. ఈ సత్యము కొండ సైకిలు పుట్టుకలోనే కలదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మెరిన్ మండలములో 1970వ దశకమున కొందరు యువకులు పాత బరువు సైకిళ్ళకు లావు టైర్లు వేసి మట్టికొండలపైనుండి దిగుచుండిరి. ఒక దారి సుమారు 2 మైళ్ళలో 1,300 అడుగులు దిగును. అనగా ఇంచుమించు 8కి 1 వాలు. ఆ సైకిళ్ళకు పెడలు వెనుకకు త్రొక్కిన పనిచేయు బ్రేకులు చక్రపు ఇరుసులోనే ఉండెడివి. ఒక్కసారి దిగునప్పటికి ఇరుసులోని గ్రీజు వేడికి కాలి పొగయై పోవుచుండెను. మరల దిగవలెనన్న ఇరుసును విప్పి క్రొత్త గ్రీజు నింపవలసి వచ్చెడిది. అట్లు తిరిగి నింపుటను ఆంగ్లమున ‘రీప్యాక్’ అందురు. ఆ దారికి ఆ పేరే స్థిరపడినది. అక్కడ 1976 అక్టోబరులో పందెములు ఆరంభమయ్యెను. 1977లో జో బ్రీజ్ అను యువకుడు కొండదారులకే ప్రత్యేకముగా ఒక సైకిలు చట్రమును నిర్మించెను. ఆ పందెములలో పాల్గొన్న గేరీ ఫిషర్, ఛార్లీ కెల్లీ మున్నగువారు, చట్రములు కట్టిన టామ్ రిచీ, ఈ క్రొత్త సైకిలును లోకమున ప్రచారమునకు తెచ్చిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడలందు కొండ సైకిలు పందెమునకు స్థానము లభించినది. పురుషులలో నెదర్లాండ్సు దేశస్థుడు బార్ట్ బ్రెంట్యెన్స్, స్త్రీలలో ఇటలీ వనిత పావోలా పెట్సో మొదటి స్వర్ణపతకములు గెలిచిరి. స్త్రీలకును, పురుషులకును ఆ క్రీడ ఒలింపిక్కులలో ఒకే సంవత్సరమున ఆరంభమైనదని గమనింపుడు.

ఆగుటకు పట్టు దూరము

ఈ భాగమును నెమ్మదిగా చదువుడు. సైకిలు వేగమును సెకను సెకనుకు 2.5 మీటర్ల చొప్పున తగ్గించు బ్రేకు ఒకటి ఉన్నదనుకొందము. చదును నేలపై గంటకు 18 కిలోమీటర్ల వేగముతో, అనగా సెకనుకు 5 మీటర్లు పోవు సైకిలు 5 మీటర్లలో ఆగును. వేగము రెట్టింపై సెకనుకు 10 మీటర్లయిన, ఆగు దూరము 10 మీటర్లు కాదు, 20 మీటర్లు. వేగము రెండింతలైన దూరము నాలుగింతలగును.

ఇక 8కి 1 వాలుపై దిగుచున్నామనుకొందము. అచ్చట భూమి మనలను సెకను సెకనుకు సుమారు 1.2 మీటర్ల చొప్పున ముందునకు లాగుచుండును. బ్రేకు బలము 2.5లో 1.2 ఆ లాగుడును ఎదుర్కొనుటకే సరిపోవును. ఆపుటకు మిగులునది 1.3 మాత్రమే. చదునుపై 5 మీటర్లలో ఆగిన సైకిలు ఇచ్చట దాదాపు 10 మీటర్లలో ఆగును. 20 మీటర్లలో ఆగినది 38 మీటర్లు దాటి పోవును.

ఇప్పుడు వాన పడినదనుకొనుడు. ఇనుప రిమ్ము తడిసిన రబ్బరు జారును. బ్రేకు బలము సగమైనదనుకొన్నను మిగులునది 1.25. భూమి లాగుడు 1.2. ఒకటి రెండవదానిని మ్రింగివేయును. అప్పుడు బ్రేకు ఎంత గట్టిగా నొక్కిపట్టినను సైకిలు ఆగదు. వేగము పెరుగకుండుటే గొప్ప. చదును వీథిలో ఏ లోపమును కనబరచని సైకిలు కొండదారిలో మృత్యువగుట ఇట్లే. మా విద్యార్థికి ధైర్యము తక్కువై పడలేదు. ఈ లెక్క తెలియక పడెను.

దిగునప్పటి నియమములు

మొదటిది: బయలుదేరకముందే బ్రేకులు పరీక్షింపవలెను. లీవరును చివరంట లాగినను అది హ్యాండిలును తాకరాదు. రబ్బరు అరిగియుండరాదు, రిమ్ముకు నూనె అంటియుండరాదు. హ్యాండిలు, చక్రముల నట్లు బిగువుగా నున్నవో లేవో చూడవలెను. అద్దె సైకిలైనచో ఈ పరీక్ష రెండుమారులు చేయవలెను.

రెండవది: వేగము వచ్చిన పిమ్మట తగ్గించుట కాదు, రాకుండ చూచుకొనవలెను. దిగుడు మొదలైననాడే రెండు బ్రేకులును మెల్లగా నొక్కవలెను. బలమైనది ముందు బ్రేకే. ఏలయన ఆపునప్పుడు బరువంతయు ముందు చక్రముపైకి వచ్చును. కాని దానిని ఒక్కసారిగా బిగించిన వెనుక చక్రము లేచి మనిషి హ్యాండిలు మీదుగా పడును. వెనుక బ్రేకు మాత్రమే నొక్కిన చక్రము ఆగి జారును. ఒక వ్రేలితోనో, రెండు వ్రేళ్ళతోనో మెత్తగా, పంచి నొక్కుటయే నేర్పు.

మూడవది: పెడళ్ళు రెండును ఒకే ఎత్తున అడ్డముగా నుంచి, సీటునుండి కొంచెము లేచి, నడుమును వెనుకకును, క్రిందికిని తీసికొనవలెను. మోకాళ్ళు, మోచేతులు వంగియుండవలెను. రాతిదారిలో దేహమే స్ప్రింగు.

నాలుగవది: మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను, మలుపులో బ్రేకు గట్టిగా పట్టరాదు. టైరునకు నేలపై ఉన్న పట్టు పరిమితమైనది. తిరుగుటకు, ఆగుటకు రెండింటికిని ఒకేసారి ఆ పట్టు చాలదు.

ఐదవది: కన్ను పోయినచోటికే సైకిలు పోవును. గోతిని చూచుచున్నవాడు గోతిలోనే పడును. పోవలసిన దారినే చూడవలెను.

ఆరవది: దీర్ఘమైన దిగుడులో నడుమ నడుమ ఆగి రిమ్ములను, చేతులను చల్లారనీయవలెను. తలకు హెల్మెట్టు తప్పనిసరి. ఓణీ కొంగు, లాగు అంచు చైనులో పడకుండ కట్టుకొనవలెను. ఒంటరిగా పోరాదు. వర్షాకాలమున, నాచు పట్టిన నల్లరాతిపై దిగనే దిగరాదు.

రైలు నేర్పు పాఠము

ఇంత జాగ్రత్త పిరికితనమని తోచువారు బోర్ ఘాట్‌ను చూడవలెను. ఈ కనుమలు వేల యేండ్ల బాటలు. కళ్యాణమునుండి జున్నరుకు పోవు నానేఘాట్ రాతిబాటలో శాతవాహన రాణి నాగనిక శాసనము నేటికిని కలదు. కాన్హేరీ గుహలలో యజ్ఞశ్రీ శాతకర్ణి పేరుగల శాసనము కలదు. పురాణములు ఆంధ్రులని పేర్కొన్నది ఈ రాజవంశమునే. బోర్ ఘాట్‌లో 1830లో బండ్లు నడచు రోడ్డును, 1863లో రైలుదారిని తెరచిరి. ఆ రైలుదారి 15 మైళ్ళకు పైగా సాగి 1,831 అడుగుల ఎత్తు ఎక్కును. దానిని నిర్మించునప్పుడు ఒక దశలో 40 వేలకు మించిన కూలీలు పనిచేసిరి. జ్వరములకును, కలరాకును, రాళ్ళ ప్రేలుళ్ళకును వేలాదిమంది మరణించిరి. వారి పేర్లు ఏ ఫలకముపైనను లేవు. చేతిపనితో పొట్ట పోసికొన్న కుటుంబములనుండి వచ్చిన మనము, ఆ దారిన పోవునప్పుడు వారిని తలచుకొనుట న్యాయము.

ఆ ఘాటులో ఎక్కు బండ్లలో చాలవానికి వెనుకనుండి నెట్టుటకు కర్జత్‌లో అదనపు ఇంజనులు తగిలింతురు. అది గేరు వంటి సహాయము. దిగు బండ్లను నిర్ణీత స్థలములలో ఆపి, అదుపులో నున్నవని తెలిసిన పిమ్మటనే ముందునకు పోనిత్తురు. అదుపు తప్పిన బండిని ఎత్తునకు మళ్ళించి ఆపుటకు ప్రక్కపట్టాలు వేసియున్నారు. వందల టన్నుల యంత్రమే దిగునప్పుడు ఆగి ఆగి పోవుచుండగా, అరవై కిలోల బాలుడు ఆగుటలో చిన్నతనమేమున్నది?

ఆ కనుమలోనే ముంబయి-పుణె సైకిలు పందెము సాగెడి రోడ్డు కలదు. ఖోపోలీనుండి పైకి అందరికంటె ముందు ఎక్కినవానిని ‘ఘాటాచా రాజా’, అనగా కనుమకు రాజు అని గౌరవింతురు. ఆ బిరుదు ఎక్కినవానికే కాని దిగినవానికి లేదు. ఇది తలపోయదగిన విషయము.

తల్లిదండ్రులకు మనవి

అయ్యలారా, అమ్మలారా! మీ బిడ్డకు సైకిలు వలదనుట సులభము. కాని వీథిలో సైకిళ్ళుండగా, స్నేహితులుండగా ఆ మాట ఎన్నాళ్ళు నిలుచును? మీకు చెప్పక అడిగి తెచ్చుకొన్న సైకిలుకు బ్రేకులున్నవో లేవో చూచువారెవరు? చాటుగా చేసిన సాహసమే అపాయము. మీ యెదుట నేర్చిన విద్య రక్ష. కొడుకునకే కాదు, కూతురునకును ఇది వర్తించును. బరువు, ఎత్తు, వాలు, బ్రేకు - ఇవి ఆడ మగ భేదమెరుగవు.

ఖరీదైన కొండ సైకిలు కొననక్కరలేదు. మంచి బ్రేకులున్న మామూలు సైకిలుతో తక్కువ వాలుపై అభ్యాసము చేయవచ్చును. ఎక్కువ వాలువద్ద దిగి నడువవచ్చును. బ్రేకు రబ్బర్లు మార్చుటకు అగు ఖర్చు ఒక కట్టు కట్టించు ఖర్చులో చిన్న పాలు. ఎండకాలపు ఒక ఆదివారము ఉదయమున, మీలో ఒకరు తోడుగా, కాన్హేరీ దారివంటి చోటికి, ఉద్యానవనమువారు అనుమతించిన రోడ్డుపైననే, పిల్లలను తీసికొనిపోవుడు. అది చిరుతలు తిరుగు అడవి. దారి విడిచి పోరాదు. పైకి నడిపించి, దిగునప్పుడు ప్రతి మలుపువద్ద ఆపుడు. పోవుటకు ముందు రాత్రి ఈ పాఠమును పిల్లలచే బిగ్గరగా చదివించుడు. శక్తి, వేగము, వాలు అను మాటలు వారి నోట తెలుగులో పలుకుచుండగా మీకును అర్థమగును. ఇంటి భాషలో చదువుకొనుటవలన లాభమేమని మమ్ము అడుగుచుందురు. పిల్లవాడు చదివిన పాఠము తల్లికిని అర్థమై, ఆమె మరునాడు బ్రేకు చూచి పంపగలుగుటయే ఆ లాభము.

అభ్యాసము

1. 20 మీటర్ల ఎత్తునుండి రాపిడి లేక దిగిన సైకిలు వేగమును గంటకు కిలోమీటర్లలో లెక్కింపుడు. 10 మీటర్లకు వచ్చిన వేగమునకు అది రెండింతలు అగునా? కానిచో ఏల?

2. ముందు 22 పండ్లు, వెనుక 33 పండ్లు గల గేరులో, చక్రపు చుట్టుకొలత 2.1 మీటర్లయిన, 10కి 1 వాలుపై ఒక పెడలు చుట్టుకు ఎంత ఎత్తు లేతుము? అది మీ చాల్ మెట్టుకంటె ఎక్కువయా, తక్కువయా? మెట్టును కొలిచి చెప్పుడు.

3. మీ యింటనో, ప్రక్కింటనో ఉన్న సైకిలు బ్రేకులను పైన చెప్పినట్లు పరీక్షించి, కనుగొన్న లోపములను వ్రాసి తెండు. లోపమున్నచో అది బాగగువరకు ఆ సైకిలు వాలు ఎక్కరాదు.